భోజనమైందా, మహారాజా?

నమోదు 1

లాటరీలో మా ఊరికి గ్రీకు విషాదం వచ్చింది.

ఏటా సముద్రం అడుగున ఉన్న ఊళ్ళన్నీ చీటీలు తీస్తాయి. ఎవరికి ఏ పాత నాటకం వస్తే వాళ్ళు దాన్ని తెరకెక్కించి మిగతా ఊళ్ళకు పంపాలి. పోయిన ఏడు మాకు హాస్య నాటకం వచ్చింది. చూసినవాళ్ళెవరూ నవ్వలేదు. కాబట్టి ఈసారి విషాదంలో మనకు తిరుగుండదని మా అధ్యక్షుడు అప్పలరాజుగారు సభలో ధైర్యం చెప్పారు.

మా అడుగులంకలో సాహిత్యం చదివి డిగ్రీ తెచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పని నా మీద పడింది. చిత్రంతోపాటు దాన్ని ఎలా తీశామో కూడా రాసి పంపాలని నియమం. అందుకే ఈ నమోదు.

నాటకం మొదటి పుట చిరిగిపోయింది. పేరు లేదు, కవి పేరూ లేదు. కథ చిన్నది. ఒక రేవు పట్నం. కరువు. రాజు కోట దాటి కదలనని వ్రతం పట్టాడు. రాణి పుట్టింటికి వెళ్ళి ధాన్యం తెస్తానని ఓడ ఎక్కుతుంది. ఊరి ఆడవాళ్ళు వద్దంటారు. ఆమె వెళ్తుంది. ధాన్యం వస్తుంది. ఆమె రాదు. వార్తాహరుడు వచ్చి రాజుకు ఆ సంగతి చెబుతాడు.

గ్రీకుల పద్ధతిలో చావు రంగం మీద కనిపించకూడదు. ఎక్కడో జరుగుతుంది, ఒకడు వచ్చి చెబుతాడు. మంచి పద్ధతి. ఖర్చు తక్కువ.

చిక్కల్లా ఒకటే. ఆ చెప్పే పుట కూడా పోయింది. "వార్తాహరుడు ప్రవేశించును" అని ఉంది. తర్వాత ఖాళీ. ఆ తర్వాత రాజు మాట: "చుట్టూ తిరిగి వచ్చావు. మంచిది." అక్కడ మళ్ళీ చిరుగు.

మధ్యలోది నేను రాయాలి.

సాయంత్రం వంటింటి కిటికీకి పట్టిన గుల్లలు గీకుతూ ఆలోచించాను. గుల్లలు ఊడాయి. మాటలు రాలేదు.

నమోదు 2

పాత్రల పంపకం అయింది. రాజు వేషం అధ్యక్షులవారు తమకు తామే ఇచ్చుకున్నారు. వంత పాడే ఊరి ఆడవాళ్ళుగా మా అత్తయ్యగారు కామేశ్వరమ్మగారు, ఆవిడ శుక్రవారం పూజ బృందం. వాళ్ళకు సాధన అక్కర్లేదు. ఎవరేం చేసినా వద్దని చెప్పడం వాళ్ళకు అలవాటే.

వార్తాహరుడు బుల్లబ్బాయి. పేరుకే. యాభై దాటాడు, మనిషి పీపాలా ఉంటాడు. గాలి బుడ్డీలు నింపే కొట్టు అతనిది. ఊపిరి తీసుకోకుండా గంట మాట్లాడగలడు. గాలి వ్యాపారికి అది పొదుపు.

"మరి రాణీగారెవరండి మాష్టారూ?" అన్నాడు.

"కనిపించదు. ఓడ వెనక భాగం చూపిస్తాం."

"ఆయ్. మొహం వద్దంటారా?"

"వద్దు."

అతను ఇంకేమీ అడగలేదు. అతను మాట్లాడకుండా ఊరుకోవడం నేను చూడటం ఇది రెండోసారి.

నమోదు 3

ఇతర ఊళ్ళవాళ్ళ కోసం సూటిరాయుడి గురించి రాయాలి.

మా ఊళ్ళో తెరల్లో, తలుపుల్లో, గాలి కోసం పిలిచే లైనులో ఒక యంత్రం వింటూ ఉంటుంది. ఎవరైనా మాటను తిప్పి చెబితే ఆపి, సూటిగా చెప్పమంటుంది. ఆ పేరు జనం పెట్టింది. పొద్దున్న నాచు తోటలకు పోయేవాళ్ళు తలుపు దగ్గర అలవాటుగా "వెళ్ళొస్తాం" అంటారు. అది "వెళ్తున్నారా, వస్తున్నారా? ఒకటి చెప్పండి" అంటుంది. చెప్పేదాకా తలుపు తియ్యదు. వెనక వరస పెరుగుతుంది. ఒకసారి అప్పలరాజుగారు కోపంతో "చస్తున్నాను" అన్నారు. అత్యవసర గంట మోగింది. వైద్యుడు పరిగెత్తుకొచ్చాడు.

నవ్వులాటకు పెట్టింది కాదు. రెండేళ్ళ క్రితం మా ఆవిడ హైమవతి దూరపు నాచు తోటలో ఉంది. గాలి లైనులో పిలిచి, "నా బుడ్డీలో గాలి నిండుకుంది" అంది. ఇంట్లో బియ్యం అయిపోయాయని ఎవరంటాం? నిండుకున్నాయంటాం. అప్పటి లైను యంత్రం పరాయి చోట తయారైంది. గాలి నిండుగా ఉందని రాసుకుని, సంతోషమని చెప్పి, తర్వాతి పిలుపు అందుకుంది.

సూటి మాట నిబంధన నేను రాసిచ్చాను. ఒక పేజీ. సభలో ఎవరూ కాదనలేదు.

నమోదు 4

మొదటి చిత్రీకరణ. తెరగదిలో మేం నిలబడి మాట్లాడితే చుట్టూ ఊరిని గోడ తానే గీస్తుంది. అది ఎన్నడూ అడుగులంక దాటి చూడలేదు. కాబట్టి మా గ్రీసులో రాజభవనం స్తంభాలు గాలి గొట్టాలు. ఆకాశంలో చేపలు. చేపలు తీసేయమన్నాను. తీసేసి, పీతల్ని పెట్టింది. వదిలేశాను.

వార్తాహరుడి మాట నా నిబంధనకు సరిపోయేలా రాశాను. బుల్లబ్బాయి వచ్చాడు. "మహారాజా, రాణి చనిపోయింది. మునిగి."

అప్పలరాజుగారు కిరీటం సర్దుకుని గంభీరంగా అన్నారు: "చుట్టూ తిరిగి వచ్చావు. మంచిది."

వంత బృందం గొల్లున నవ్వింది.

"ఎక్కడ తిరిగాడయ్యా రాజా? గుమ్మంలోంచి బాణంలా వచ్చి పొడిచాడు గదా!" అని ఒకావిడ.

"బాణం కూడా కొంచెం వంగుతుందమ్మా," అని ఇంకొకావిడ.

రాజు అలిగారు. నాటకంలో తన మాట ఒక్క అక్షరం మార్చనన్నారు. ప్రాచీనుల మాట. నిజానికి ఆయనకు ఆ దృశ్యంలో కంఠస్థం వచ్చింది అదొక్కటే.

తప్పు రాజుది కాదు. వార్తాహరుడు చుట్టూ తిరగాలి. నేను తిరగనివ్వలేదు.

నమోదు 5

తిరగమన్నాను. సూటిరాయుడు తిరగనివ్వలేదు. దాచినట్టు మాట వచ్చిందంటే తెర నల్లబడుతుంది.

"మహారాజా, రాణీగారు కాలం చేశారు," అన్నాడు బుల్లబ్బాయి.

"ఏ కాలం? ఏం చేశారు?" అంది యంత్రం.

"స్వర్గస్థులయ్యారు."

"ఆ స్థలం పటంలో లేదు."

"దీపం కొండెక్కిందండి బాబూ!"

"దగ్గరలో కొండ లేదు. దీపం చిరునామా చెప్పండి."

అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. అప్పలరాజుగారి కిరీటం పడి దొర్లింది. దొర్లి అత్తయ్యగారి కాళ్ళ దగ్గర ఆగింది. ఆవిడ వంగి తీసి ఇచ్చారు. నవ్వలేదు. యంత్రం కూసిన ప్రతిసారీ ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకోవడం చూశాను. ఇంతకుముందూ చూసే ఉంటాను. ఇవాళ గమనించాను.

నమోదు 6

పొద్దున్న కాఫీ ఇస్తూ అత్తయ్యగారు అన్నారు: "మా చెల్లెలి ఊరు ఓసారి వెళ్ళొద్దామనుకుంటున్నానండి అల్లుడుగారూ. మీ తెర బొమ్మ ఆడిన మర్నాడు పడవ ఉందట."

"ఎన్నాళ్ళు?"

"చూద్దాం. అక్కడి గాలి ఎలా పడుతుందో."

ఇక్కడి గాలీ అక్కడి గాలీ ఒకే రకం యంత్రంలోంచి వస్తుంది. గదిలోకి చూశాను. మూడు పెట్టెలు. పక్కన గుడ్డ చుట్టి కట్టిన ఆవకాయ జాడీ.

ఓసారి వెళ్ళొచ్చే మనిషి జాడీ పట్టుకుపోదు.

హైమ పోయాక ఈ ఇంట్లో మేమిద్దరం. ఆవిడ వండుతారు, నేను గుల్లలు గీకుతాను. కూరలో ఉప్పు గురించి మాట్లాడుకుంటాం. ఉండమని అడగడానికి నాకు సరైన వాక్యం తోచలేదు. రెండో కప్పు కాఫీ అడిగాను. నేను ఎప్పుడూ రెండో కప్పు తాగను. ఆవిడ నా మొహం చూసి, ఇచ్చారు.

నమోదు 7

వార్తాహరుడి మాట నాలుగోసారి రాశాను. బాగాలేదు. బుల్లబ్బాయి కాగితం పక్కన పెట్టాడు.

"మీరు రాసింది నాకు నోరు తిరగట్లేదండి. తప్పుగా అనుకోపోతే, నాకు తోచినట్టు ఓసారి చెప్పేద్దునా? తెర ఆపేసి, ఊరికే."

సరేనన్నాను. తెర ఆపితే సూటిరాయుడు వినడు.

బుల్లబ్బాయి గుమ్మం బయటికి పోయాడు. చెప్పులు విప్పిన చప్పుడు. లోపలికి వచ్చి, రాజు వంక కాకుండా రాజు పక్కనున్న ఖాళీ పీట వంక చూశాడు.

"భోజనమైందా, మహారాజా?"

వంత బృందం కిసుక్కుమంది. అప్పలరాజుగారు తడబడి, "ఇంకా లేదయ్యా" అన్నారు. ఆ సమయానికి అది నిజం కూడా.

"అయితే ముందు నాలుగు ముద్దలు తినండి. ఎంతలో పని. నేనిక్కడ కూర్చుంటాను. పచ్చడైనా ఉందాండి? ఉంటే చాలు. రేవులో ఇవాళ కెరటం చూశారా? తాళ్ళు ఆగట్లేదు. మొన్న రాణీగారు ఓడెక్కుతుంటే మా సరంగు చెయ్యందించబోయాడు. నీ ఓడకంటే నా కాళ్ళే గట్టివి అన్నారు. ఎంత నవ్వామో! తినండి, తినండి. మజ్జిగ పోసుకోండి..."

నేను లేచి బయటికి వచ్చేశాను.

రెండేళ్ళ క్రితం మా గుమ్మంలో అతను చెప్పులు విప్పాడు. భోజనమైందా మాష్టారూ అన్నాడు. ఇంకా లేదన్నాను. కూర్చున్నాడు. కొత్త పంపు గురించి, హైమ తన కొట్లో బుడ్డీ బేరమాడిన తీరు గురించి చెప్పాడు. నేను గోంగూర కలుపుకుని తిన్నాను. నవ్వాను కూడా. చెయ్యి కడుక్కుని వచ్చాక అతను మాట్లాడటం మానేశాడు. అదే మొదటిసారి.

ఆ అన్నాన్ని నేను అతనికి ఇంతవరకూ క్షమించలేదు. అతనికి ఆ సంగతి తెలియదనుకున్నాను.

నమోదు 8

అత్తయ్యగారు బీరకాయ చెక్కు తీస్తున్నారు. ఎదురుగా కూర్చుని అడిగాను. "చావు కబురు తెచ్చినవాడు భోజనం సంగతి ఎందుకడుగుతాడండీ?"

"అదేం ప్రశ్న అల్లుడుగారూ, అంత చదువుకుని!" అన్నారు. "కబురు విన్నాక ఎవరు తింటారు? మళ్ళీ ఎప్పటికి తింటారో. అందుకని తినేదాకా ఆగుతారు. పైన ఊళ్ళు ఉన్న కాలంలోనూ అంతే. మా నాన్న పోతే మా పెదనాన్న వచ్చి, కాస్త ఒంట్లో నలతగా ఉంది, ఓసారి చూసి పోదువు గాని రామ్మా అన్నాడు. బస్సెక్కాను. దారంతా తెలుస్తూనే ఉంది. దిగేసరికి పూర్తిగా తెలిసిపోయింది. ఒక్కసారిగా పడలేదు నా మీద. మెట్టు మెట్టుగా దిగాను."

"సూటిగా చెబితే?"

"సూటిగా చెప్పాల్సిన చోట సూటిగానే చెప్పాలండి." ఆవిడ కత్తి ఆపారు. "చిన్నప్పుడు హైమ వంటింట్లోకి తొంగి చూసి, అమ్మా బియ్యం అయిపోయాయే అనేది. నోటి మీద ఒక్కటిచ్చేదాన్ని. అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి అని. ఎన్నిసార్లిచ్చానో. బాగా నేర్చుకుంది."

నేను రాలిన చెక్కులు పోగు చేశాను.

"మీ సూటిరాయుడు కూసినప్పుడల్లా ఎవర్నో అంటోందని నవ్వుతారు అందరూ. నన్నే అంటుందండి అది. రోజుకి పదిసార్లు. మా చెల్లెలి ఊళ్ళో అది లేదు."

మళ్ళీ చెక్కు తీయడం మొదలుపెట్టారు. "చెక్కు పారెయ్యకండి. పచ్చడి చేస్తాను."

నిబంధన రాసిన రోజు నేను గాలి గురించి ఆలోచించాను. ఈవిడ గురించి ఆలోచించలేదు.

నమోదు 9

సభ. నిబంధన ఎవరడిగితే వచ్చిందో వాళ్ళడిగితేనే మారుతుందట. లేచి నిలబడ్డాను. గాలి లైనులోనూ, ఊరి తలుపు దగ్గరా సూటిరాయుడు ఉండాలి. అక్కడ తిరుగుడు మాట ప్రాణం తీస్తుంది. మిగతా చోట్ల మనిషికీ మనిషికీ మధ్య అతను అక్కర్లేదు. అంతే చెప్పి కూర్చున్నాను.

"ఇంకేమైనా కారణం చూపిస్తారా?" అన్నారు అప్పలరాజుగారు.

"గ్రీకులు ఒప్పుకోరు."

"గ్రీకులే ఒప్పుకోకపోతే మనదేముంది!" అని ఆయన బల్ల చరిచి, అక్కడికక్కడే నిబంధన మార్చేశారు.

వెనక వరసలో బుల్లబ్బాయి, అలవాటు కొద్దీ చుట్టూ చూసి, జంకుతూ జంకుతూ, "అయితే ఇక సెలవు తీసుకుంటానండి" అన్నాడు. ఏ సెలవు, ఎక్కణ్ణించి తీసుకుంటారు అని ఎవరూ అడగలేదు. మళ్ళీ అన్నాడు, రుచి చూసినట్టు.

నమోదు 10

చివరి దృశ్యం తీశాం. బుల్లబ్బాయికి కాగితం ఇవ్వలేదు. రాజు తిన్నారు. నిజం అన్నమే. అత్తయ్యగారు వండి తెచ్చారు. బీరపొట్టు పచ్చడి. ప్రాచీన గ్రీసులో బీరకాయ ఉందో లేదో చూసే ఊళ్ళవాళ్ళు తేల్చుకోవాలి.

వార్తాహరుడు రేవు గురించి చెప్పాడు. ధాన్యం బస్తాల లెక్క చెప్పాడు. ఓడ తిరిగొస్తుంటే గాలి మారిందన్నాడు. ఓడ బరువెక్కువైందన్నాడు. బస్తాలు పారేద్దామని సరంగు అంటే రాణీగారు ఒప్పుకోలేదన్నాడు. ఒక్కో మాటకూ రాజు చెయ్యి నెమ్మదించింది. ముద్ద నోటి దగ్గర ఆగింది. కంచంలోకి దిగింది. వార్తాహరుడు "ధాన్యం రేవుకి చేరిందండి" అని మాట్లాడటం ఆపేశాడు.

రాణి సంగతి చెప్పనే లేదు. చెప్పనక్కర్లేకపోయింది.

రాజు మాటకు చిరిగిన భాగం నేను పూరించాను. అప్పలరాజుగారు దాన్ని ఒక్క పూటలో బట్టీ పట్టారు. ఆయన జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడటం విన్నాను:

"చుట్టూ తిరిగి వచ్చావు. మంచిది. నువ్వు తిరిగినంతసేపూ ఆమె నాకు ఉంది."

తెర ఆపాక బుల్లబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఆ మాట నాకే చెప్పినట్టుందండి మాష్టారూ."

"రాజు చెప్పాడు."

"ఆయ్. రాజుగారికే నా నమస్కారాలు చెప్పండి."

నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు. వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "భోజనమైందాండి?"

"అయింది," అన్నాను. అతని మొహంలోకి చూస్తూ అన్నాను.

నమోదు 11

ఊరంతా చూసింది. చివర్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లేచి, ఒకరి తర్వాత ఒకరు, మా వరస దగ్గర కాసేపు నిలబడి వెళ్ళారు. హైమ పేరు ఎవరూ ఎత్తలేదు. "బొమ్మ బావుందండి" అన్నారు. ఇద్దరు ముగ్గురు "పీతలు బావున్నాయండి" అన్నారు. అత్తయ్యగారు అందరికీ తలూపారు. కొంగు వేలికి చుట్టుకోలేదు.

మూడు పెట్టెలూ గుమ్మం దగ్గరే ఉన్నాయి.

నమోదు 12

పొద్దున్న పెట్టెలు మోసుకుని ఊరి తలుపు దగ్గరికి వెళ్ళాం. ఆవకాయ జాడీ నా చేతిలో. అవతల పడవ గొట్టానికి ఆనుకుని ఆగి ఉంది. సరంగు తొందర పెడుతున్నాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని తలుపు ముందు నిలబడ్డారు.

దారి పొడుగునా నాకు వాక్యం కుదరలేదు. చివరికి అన్నాను. "అత్తయ్యగారూ, రెండో కప్పు కాఫీ ఎవరిస్తారు?"

ఆవిడ నా వంక చూడలేదు. తలుపు వంకే చూస్తూ, గొంతు పెంచి, "వెళ్ళొస్తాను" అన్నారు.

"వెళ్తున్నారా, వస్తున్నారా?" అంది సూటిరాయుడు. "ఒకటి చెప్పండి."

ఆ తలుపుకు ఏం చెబితే తెరుచుకుంటుందో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అత్తయ్యగారు నా చేతిలో జాడీ వంక ఓసారి చూశారు.

"వస్తున్నాను," అన్నారు.

"వచ్చేవారికి ఇటునుంచి తలుపు తీయబడదు. దయచేసి పక్కకు జరగండి."

"అమ్మగారూ, వెళ్తున్నానని చెప్పండి! పడవ కదిలిపోతోంది!" అని సరంగు అవతలి నుంచి అద్దం కొట్టాడు.

"దానికి ఒక్కటే చెప్పాలటయ్యా. చెప్పేశాను," అన్నారు ఆవిడ. పక్కకు జరిగారు. పడవ గొట్టం వదిలి కదిలింది. దాని దీపం నీళ్ళలో చిన్నదై, కొండెక్కింది.

"చూశారా అల్లుడుగారూ," అన్నారు, "సూటిగా మాట్లాడితే ఎన్ని ఇబ్బందులో! పదండి, ఆ జాడీ జాగ్రత్త."

ఇంటికి వచ్చాం. పెట్టెలు లోపల పెట్టాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఊరు వదిలే మనిషి సరుకులు తెప్పించలేదు మరి.

"అల్లుడుగారూ," అన్నారు లోపల్నించి. ఆగారు. "బియ్యం నిండుకున్నాయండి."

"విన్నానండి," అన్నాను. సంచి తీసుకుని బయల్దేరాను.